యంత్రం రాసింది... మనిషి దిద్దింది!

కంప్యూటర్ ప్రోగ్రాముల్ని ఇప్పుడు చాలావరకు కంప్యూటర్లే రాసిపెడుతున్నాయి. ఆ రాతని మనిషి తన అవసరానికి తగ్గట్టు దిద్దుకుంటాడు. కొన్నాళ్లకి యంత్రం మళ్లీ మొదట్నుంచీ రాస్తుంది. మరి, మధ్యలో మనిషి చేసిన దిద్దుబాటు ఏమవుతుంది? ఒంగోలు రైతు మిర్చి లెక్క నుంచి చీరాల చరిత్ర దాకా... చాలా సంగతులు ఈ చిన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి.

* * *

పండక్కి ఒంగోలు ట్రంకు రోడ్డులో ఓ రెడీమేడ్ చొక్కా కొన్నారనుకోండి. భుజాలు సరిపోయాయి కానీ చేతులు అంగుళం పొడుగయ్యాయి. పక్క సందులోని దర్జీ పది నిమిషాల్లో చేతులు కుదించి, నడుము దగ్గర ఓ కుట్టు వేసిచ్చాడు. అచ్చం మీకోసమే కుట్టినట్టు అమరింది. మరుసటేడు అదే కంపెనీ, అదే సైజు కొన్నారు. చేతులు మళ్లీ పొడుగే! పోయినేడు మీ దర్జీ ఏం చేశాడో కంపెనీకేం తెలుసు? పోనీ ఆ దర్జీ దగ్గరికే వెళ్దామంటే అతను దుకాణం మార్చేశాడు. ఎంత తగ్గించాడో, ఎక్కడ కుట్టేశాడో ఎవరికీ గుర్తులేదు.

చొక్కా విషయంలో అయితే మహా అయితే వందో రెండొందలో ఖర్చు. అదే తంతు బ్యాంకు లెక్కలో, ఆసుపత్రి బిల్లులో, ధాన్యం కొనుగోలు రసీదులో జరిగితే?

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇది కొత్త గొడవేం కాదు. యాభై ఏళ్లుగా ఉన్నదే. కాకపోతే కృత్రిమ మేధ వచ్చాక ఇంటింటి గొడవగా మారుతోంది. ఒంగోలు, చీమకుర్తి, కందుకూరు, అద్దంకి... ఏ ఊరు తీసుకున్నా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బిడ్డ ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. ‘రాత్రంతా కూర్చుని కోడ్ కలిపాం’ అని ఆ బిడ్డ ఫోన్లో చెబితే అమ్మానాన్నలకి అర్థంకాని ఆ కలపడం వెనక కథే ఇది.

కోడ్ రాసే కోడ్!

ప్రోగ్రాములు రాసేవాళ్లు అక్షరం అక్షరం తామే కొడతారనుకుంటాం. నిజానికి ఒకే తరహా పనిని వందసార్లు రాయడమంటే వాళ్లకీ విసుగే. అందుకే ‘ఇదిగో, నాకు కావాల్సింది ఇదీ’ అని క్లుప్తంగా ఓ వివరణ రాసిస్తే, దాన్ని చదివి వేల వరుసల కోడ్‌ని తయారుచేసిపెట్టే పనిముట్లని సృష్టించుకున్నారు. వాటినే కోడ్ జనరేటర్లంటారు. 

వీటికి మంచి పాత చరిత్రే ఉంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1970ల్లో స్టీఫెన్ జాన్సన్ ‘యాక్’ అనే పనిముట్టు తయారుచేశాడు. ఓ కంప్యూటర్ భాష వ్యాకరణ సూత్రాల్ని దానికి రాసిస్తే, ఆ భాషని అర్థం చేసుకునే ప్రోగ్రాముని అదే రాసేది. దానికి జోడీగా 1975లో ‘లెక్స్’ వచ్చింది. దాన్ని మైక్ లెస్క్‌తో కలిసి రూపొందించిన కుర్రాడి పేరు ఎరిక్ ష్మిట్. తర్వాతి కాలంలో గూగుల్‌కి సీఈవో అయిన ష్మిట్ అతనే!

ఇప్పుడైతే తెరమీద బటన్‌ని మౌసుతో లాగి పెడితే చాలు, దాని వెనకుండాల్సిన కోడ్ తయారు. పట్టికలో ఏమేం గళ్లుండాలో చెబితే వాటిని నింపే ఫారాలూ, సరిచూసే లెక్కలూ, అచ్చువేసే రసీదులూ తయారు. ఇంతవరకూ హాయిగానే ఉంది. చిక్కల్లా ఆ తర్వాతే. యంత్రం అందరికీ పనికొచ్చేలా రాస్తుంది. మనకేమో మన ఊరికి, మన వ్యాపారానికి, మన రైతుకి తగ్గట్టు కావాలి. అందుకని యంత్రం రాసిన ఫైలు తెరిచి నాలుగు వరుసలు మారుస్తాం. ఆ నాలుగు వరుసలే మన దర్జీ కుట్లు.

ఆ 60 కిలోలు ఏమయ్యాయి?

ఓ ఉదాహరణ చూద్దాం. ఒంగోలు దగ్గర ఓ కోల్డ్ స్టోరేజీ ఉందనుకుందాం. రైతులు మిర్చి టిక్కీలు తెచ్చి పెడతారు. తూకం వేసి, వివరాలు కంప్యూటర్లో ఎక్కించి బాండు ఇస్తారు. ఆ ప్రోగ్రాముని జనరేటర్‌తో చేయించారు. వివరణ రాసిన ఇంజినీరు బరువు గడి దగ్గర ‘పూర్ణాంకం’ అని రాశాడు. దాంతో 43.6 కిలోల టిక్కీని యంత్రం 43 కిలోలుగా రాసుకోవడం మొదలెట్టింది.

రెండోరోజే ఓ రైతు పట్టేశాడు. ఇంజినీరు నాలుక్కరుచుకుని, గబగబా యంత్రం రాసిన ఫైలు తెరిచి ఓ వరుస మార్చాడు. ఇక దశాంశాలు కూడా లెక్కలోకి వచ్చాయి. అందరూ సంతోషించారు. ఆ మార్పు గురించి ఎక్కడా రాసిపెట్టలేదు.

ఏడాది గడిచింది. ఆ ఇంజినీరు వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. బాండు మీద రైతు ఫోన్ నంబరు కూడా ఉండాలన్నారు యజమానులు. కొత్తగా వచ్చిన అమ్మాయి వివరణలో ఫోన్ నంబరు గడి చేర్చి, జనరేటర్‌ని మళ్లీ నడిపింది. యంత్రం తన అలవాటు ప్రకారం ఫైలంతా మొదట్నుంచీ రాసింది. ఫోన్ నంబరు వచ్చింది. దశాంశం పోయింది!

ఎవరి తప్పు? యంత్రం తనకి చెప్పిందే చేసింది. అమ్మాయీ తనకి చెప్పిందే చేసింది. కానీ టిక్కీకి 600 గ్రాముల చొప్పున 100 టిక్కీలకి 60 కిలోలు లెక్కలో లేకుండా పోతాయి. కిలో 150 రూపాయలనుకుంటే 9,000 రూపాయలు. దుక్కి నుంచి కోత దాకా కూలీలకీ మందులకీ అప్పు తెచ్చి పెట్టిన రైతుకి అది చిన్న మొత్తం కాదు. పైగా కంప్యూటర్ ఇచ్చిన కాగితం కదా... అందులో తప్పుంటుందని ఎవరూ అనుకోరు.

ప్రతి మార్పుకీ ఓ పద్దు

‘అయితే పాత ఫైళ్లు దాచుకోవచ్చు కదా’ అనిపిస్తుంది. దాచుకుంటారు. దానికోసమే వెర్షన్ కంట్రోల్ పుట్టింది. కిరాణా దుకాణంలో పద్దు పుస్తకం లాంటిదే ఇదీ. ఏ తేదీన, ఎవరు, ఏ ఫైల్లో, ఏ వరుస, ఎందుకు మార్చారో రాసిపెడుతుంది. కావాలంటే నిన్నటి రూపానికీ పోయినేడాది రూపానికీ వెనక్కి తీసుకెళ్తుంది.

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ రూపొందించిన ‘ఎస్‌సీసీఎస్’ ఈ కుటుంబంలో తాతగారు. 1982లో వాల్టర్ టిషీ ‘ఆర్‌సీఎస్’, 1986లో డిక్ గ్రూన్ ‘సీవీఎస్’ వచ్చాయి. ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడే ‘గిట్’ వయసులో చిన్నదే. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో దాన్ని మొదలెట్టాడు. అంతవరకూ లినక్స్ బృందం వాడుతున్న ‘బిట్‌కీపర్’ని ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో తనే ఒకటి రాసుకున్నాడు.

మరి పద్దు పుస్తకం ఉంటే దశాంశం ఎలా పోయింది?

ఇక్కడే ఉంది మెలిక. వెర్షన్ కంట్రోల్ మార్పుని దాస్తుంది కానీ, ఏది మనిషి మార్పో ఏది యంత్రం మార్పో దానంతటది చెప్పలేదు. జనరేటర్‌ని మళ్లీ నడిపినప్పుడు ఒక్క వరుస కాదు, కొన్ని వేల వరుసలు మారతాయి. గళ్ల వరస మారుతుంది. పేర్లు మారతాయి. కొన్ని జనరేటర్లయితే ప్రతి ఫైలు నెత్తిమీదా తయారైన తేదీ, సమయం రాస్తాయి. లోపల అక్షరం మారకపోయినా ఫైలు మారినట్టే కనిపిస్తుంది. ఆ గుంపులో ‘దశాంశం తీసేశారు’ అన్న ఒక్క వరుస... మిర్చి కల్లంలో జారిపడిన ముక్కుపుడక లాంటిది. ఉందని తెలిస్తే వెతుకుతాం. ఉందన్న సంగతే తెలియకపోతే?

అందుకే అనుభవజ్ఞులు మొదట చెప్పే మాట: యంత్రం చేసిన మార్పునీ మనిషి చేసిన మార్పునీ ఒకే పద్దులో కలిపి రాయకండి. జనరేటర్‌ని నడిపితే ‘యంత్రం తిరిగి రాసింది’ అని ఒక పద్దు. ఆ తర్వాత మన దిద్దుబాటు చేసి, ఎందుకో రాసి ఇంకో పద్దు. రెండు నిమిషాల పని. కానీ ఏడాది తర్వాత వచ్చేవాళ్లకి రెండు రోజుల పని తప్పుతుంది.

నాలుగు దారులున్నాయి

ఈ చిక్కుకి ఇంజినీర్లు కనిపెట్టిన ఉపాయాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది, మూలాన్ని దిద్దడం. పత్తి, మిర్చి పండించే మన రైతులకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. హైబ్రిడ్ విత్తనం వేస్తే చేను ఏకరీతిగా వస్తుంది. ఆ చేలో కాయల నుంచి గింజలు తీసి దాచి మరుసటేడు వేస్తే అదే పంట రాదు. విత్తనం తయారుచేసేవాళ్లు అందుకే తల్లి, తండ్రి వరసల్ని విడివిడిగా కాపాడుకుంటారు. కోడ్ కూడా అంతే. యంత్రం ఇచ్చిన ఫైలు పంట. దాని వివరణే విత్తనం. మన కథలో ఇంజినీరు చేయాల్సింది ఫైల్లో వరుస మార్చడం కాదు, వివరణలో ‘పూర్ణాంకం’ అన్న మాటని ‘దశాంశం’గా మార్చడం. అప్పుడు యంత్రం వందసార్లు రాసినా సరిగానే రాస్తుంది. 

ఇలా అన్నీ మూలంలోనే దిద్దుకోగలిగితే, యంత్రం రాసిన ఫైళ్లని పద్దులో దాచాల్సిన అవసరం కూడా ఉండదు. వివరణ దాచుకుని, కావాల్సినప్పుడు ఒక్క ఆదేశంతో మళ్లీ రాయించుకోవచ్చు. ఒక్కటే షరతు. ఏ జనరేటర్, దాని ఎన్నో వెర్షన్ వాడామో కూడా రాసుకోవాలి. లేకపోతే అదే వివరణకి కొత్త జనరేటర్ వేరే కోడ్ ఇవ్వొచ్చు.

రెండోది, వేరు కాపురం. కొన్ని మార్పుల్ని మూలంలో చెప్పడం కుదరదు. ఈ ఊళ్లో మాత్రమే ఉండే లెక్క, ఈ వ్యాపారికి మాత్రమే కావాల్సిన రసీదు... ఇలాంటివి. అప్పుడు యంత్రం ఫైలు యంత్రానిది, మన ఫైలు మనది. రెండూ పనిచేసేటప్పుడు కలుస్తాయి కానీ ఒకరి గదిలోకి ఇంకొకరు వెళ్లరు. జాన్ వ్లిసిడెస్ అనే నిపుణుడు 1990ల్లో ఈ పద్ధతికి ‘జనరేషన్ గ్యాప్’ అని చమత్కారంగా పేరుపెట్టాడు. జనరేషన్ అంటే తరమనీ అర్థం, తయారుచేయడమనీ అర్థం. తండ్రి యంత్రం రాసినది, కొడుకు మనిషి రాసినది అన్నమాట. తండ్రి పోలికలన్నీ కొడుక్కి వస్తాయి. కొడుకు తనకి నచ్చినవి మాత్రం మార్చుకుంటాడు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2005లో సీ షార్ప్ భాషలో ఇదే ఆలోచనకి వేరే రూపమిచ్చారు. తెరని గీసే కోడ్ ‘డిజైనర్’ అన్న ఫైల్లో, ఇంజినీరు రాసే కోడ్ ఇంకో ఫైల్లో విడివిడిగా ఉంటాయి. అంతకుముందు రెండూ ఒకే ఫైల్లో ఉండేవి. ‘ఈ భాగం ముట్టుకోవద్దు’ అని యంత్రం హెచ్చరిక రాసేది. చాలా జనరేటర్లు ఇప్పటికీ ‘ఇది యంత్రం రాసింది, దిద్దకండి’ అని మొదటి వరుసలోనే రాస్తాయి. గోడమీద ‘ఇచ్చట నోటీసులు అంటించరాదు’ అన్న రాతకి ఎంత విలువుంటుందో, తొందరలో ఉన్న ఇంజినీరు దగ్గర దానికీ అంతే విలువ!

మూడోది, ముగ్గుర్నీ కూర్చోబెట్టడం. యంత్రం ఫైల్లోనే మార్చక తప్పలేదు. అప్పుడెలా? శుభలేఖ అచ్చువేయించే ఇంట్లో జరిగేది గుర్తుచేసుకోండి. ప్రెస్సు వాడిచ్చిన నమూనా మీద పెళ్లికూతురి పెదనాన్న తాతగారి పేరు సరిదిద్దాడు. మగపెళ్లివారు ఇంకో కాపీ మీద ముహూర్తం సమయం మార్చి పంపారు. రెండు కాపీలే పక్కపక్కన పెడితే తేడాలు కనిపిస్తాయి కానీ ఏది పాతదో, ఏది దిద్దిందో తెలియదు. మొదటి నమూనా కూడా ఉంటే? పేరు మార్చింది వీళ్లు, ముహూర్తం మార్చింది వాళ్లు అని ఇట్టే తెలిసిపోతుంది. రెండు మార్పుల్నీ తీసుకోవచ్చు. ముహూర్తాన్నే ఇద్దరూ చెరోలా మార్చారా... అప్పుడు పెద్దలు కూర్చుని తేల్చాలి.

వెర్షన్ కంట్రోల్‌లో ‘మూడు దారుల కలయిక’ అంటే ఇదే. దానికి ఓ క్రమశిక్షణ కావాలి. యంత్రం రాసినదాన్ని ఏ మార్పూ లేకుండా ఒక శాఖలో దాచాలి. మన దిద్దుబాట్లు ఇంకో శాఖలో ఉండాలి. యంత్రం మళ్లీ రాసినప్పుడు దాన్ని మొదటి శాఖలోనే వేసి, అక్కడినుంచి మన శాఖలోకి కలపాలి. అప్పుడు పాత యంత్రపు రాత, కొత్త యంత్రపు రాత, మన రాత... మూడూ గిట్ ముందుంటాయి. ఫోన్ నంబరు చేరుతుంది. దశాంశమూ మిగులుతుంది. రెండూ ఒకే వరుసమీద పోట్లాడుకుంటే గిట్ ఆగి ‘మీరే తేల్చండి’ అంటుంది. బయటివాళ్ల కోడ్‌ని తెచ్చి దిద్దుకునేవాళ్లకోసం సీవీఎస్ కాలంలోనే ఇలాంటి ప్రత్యేక శాఖ ఉండేది.

నాలుగోది, తేడాని మాత్రమే దాచడం. దర్జీ ‘చేతులు అంగుళం, నడుము అర అంగుళం’ అని చీటీ రాసిస్తే ఎన్ని కొత్త చొక్కాలైనా కుదించుకోవచ్చు కదా. 1985లో లారీ వాల్ రాసిన ‘ప్యాచ్’ అనే ప్రోగ్రాము సరిగ్గా ఆ చీటీ చదివే దర్జీయే. డెబియన్ అనే లినక్స్ బృందం వేలాది ప్రోగ్రాముల్ని ఇలాగే దిద్దుకుంటుంది. అసలు కోడ్ అసలుగానే ఉంటుంది. దాని పక్కనే ‘ఇక్కడ ఇది మార్చాలి’ అన్న చీటీల దొంతర ఉంటుంది. కొత్త వెర్షన్ రాగానే చీటీలు వరుసగా అతికిస్తారు. ఏదైనా అతకకపోతే ప్యాచ్ అక్కడే గగ్గోలు పెడుతుంది. అదే దాని గొప్పదనం. నోరు మూసుకుని ఊరుకునే పనిముట్టు కన్నా గగ్గోలు పెట్టేదే నయం.

తెలుగు తెరల వెనక

ఈ నాలుగు దారులూ కంపెనీలవాళ్లకే పరిమితమనుకోనక్కర్లేదు. కంప్యూటర్ తెరమీద తెలుగు కనిపించడం వెనకా ఇదే కథ ఉంది.

గ్నోమ్, కేడీఈ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లని ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థల కార్యకర్తలూ, ఎందరో ఔత్సాహికులూ తెలుగులోకి తెచ్చారు. ఆ పనికి వాడేది ‘గెట్‌టెక్స్ట్’. ముందుగా ఓ పనిముట్టు ప్రోగ్రాము కోడంతా వెతికి, తెరమీద కనిపించే ఇంగ్లిషు మాటలన్నిటినీ ఏరి జాబితా రాస్తుంది. ఇది యంత్రం రాత. దాంట్లో ఒక్కో మాట పక్కనా తెలుగు రాస్తారు. ఇది మనిషి రాత. ఆరు నెలలకి ప్రోగ్రాము కొత్త వెర్షన్ వస్తుంది. మాటలు మారతాయి, చేరతాయి, పోతాయి. జాబితాని యంత్రం మళ్లీ మొదట్నుంచీ రాస్తుంది.

మరి అంతకుముందు రాత్రిళ్లు కూర్చుని రాసిన తెలుగంతా పోవాల్సిందేనా? అక్కర్లేదు. రెండు జాబితాల్నీ కలపడానికి ప్రత్యేకంగా ఓ పనిముట్టుంది. మాట మారకపోతే పాత తెలుగుని అలాగే ఉంచుతుంది. మాట కొద్దిగా మారితే... ఉదాహరణకి ‘సేవ్ ఫైల్’ కాస్తా ‘సేవ్ ఫైల్ యాజ్’ అయితే... పాత తెలుగుని పారేయదు, అలాగని గుడ్డిగా నమ్మదు. దానిపై ‘అనుమానం’ అన్న గుర్తు వేసి పెడుతుంది. మనిషి చూసి సరే అనేదాకా మామూలుగా అది తెరమీదకి రాదు. ఇక పూర్తిగా తీసేసిన మాటల తెలుగుని కూడా ఫైలు చివర పక్కన పెడుతుంది. రేపు ఆ మాట తిరిగొస్తే మళ్లీ పనికొస్తుందని!

మనిషి శ్రమని పారేయకూడదు, సరిచూడకుండా వాడకూడదు. ఈ రెండింటినీ ఇంత పొందిగ్గా పాటించే పనిముట్లు అరుదు.

చీరాల ఏ జిల్లా?

ఇక మన జిల్లా సంగతికొద్దాం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలకి వేల సంఖ్యలో పేజీలున్నాయి. వాటిలో చాలావాటికి పునాది వేసింది యంత్రమే. గ్రామాల జాబితా తీసుకుని ఊరు, మండలం, జిల్లా పేర్లతో ఓ మూసలో చిన్న పేజీలు తయారుచేసింది బాట్ అనే ప్రోగ్రాము. ఆ తర్వాత ఆయా ఊళ్లవాళ్లు వచ్చి గుడి గురించీ, బడి గురించీ, చెరువు గురించీ, ఊరి పెద్దల గురించీ చేర్చుకుంటూ వచ్చారు. యంత్రం రాసింది, మనిషి దిద్దాడు.

2011 జనగణన లెక్కలొచ్చాక జనాభా అంకెలు మార్చాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాల పునర్విభజన జరిగి చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్ల జిల్లాలోకీ, కందుకూరు నెల్లూరు జిల్లాలోకీ వెళ్లాయి. అన్ని ఊళ్ల పేజీల్లోనూ జిల్లా పేరు మార్చాల్సి వచ్చింది. పాత పద్ధతిలో పేజీ మొత్తం మళ్లీ రాయిస్తే గుడీ బడీ చెరువూ అన్నీ పోతాయి. అందుకని ‘ప్రకాశం’ ఉన్నచోటల్లా ‘బాపట్ల’ అని మార్చెయ్ అంటే సరిపోతుందా?

సరిపోదు! చీరాలనే చూడండి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో జనం ఊరే ఖాళీచేసి వెళ్లిన చీరాల-పేరాల ఉద్యమం జరిగినప్పుడు అది గుంటూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ప్రాంతాలతో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులు గౌరవార్థం 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. 2022లో చీరాల బాపట్ల జిల్లాకి వెళ్లింది. ఊరు అంగుళం కదల్లేదు కానీ వందేళ్లలో జిల్లా పేరు నాలుగుసార్లు కనిపిస్తుంది. ‘1921లో బాపట్ల జిల్లా చీరాలలో ఉద్యమం’ అని యంత్రం మార్చేస్తే పిల్లలు దాన్నే చదువుకుంటారు. వాళ్లు రాసే ప్రాజెక్టుల్లోకీ, అక్కడినుంచి ఇంకెక్కడెక్కడికో అదే పాకుతుంది.

అందుకే యంత్రం ముట్టుకోవాల్సిన గళ్లు వేరు, మనిషి రాసిన వాక్యాలు వేరు. జనాభా, జిల్లా, మండలం లాంటివి పేజీ పక్కన పెట్టెలో గళ్లుగా ఉంటే యంత్రం వాటినే మార్చి తప్పుకుంటుంది. చరిత్ర జోలికి వెళ్లదు. ఇందాక చెప్పుకున్న వేరు కాపురమే ఇది. ఒకవేళ పొరపాటు జరిగినా ప్రతి పేజీకీ ‘చరిత్ర’ అన్న మీట ఉంది. నొక్కితే ఏ మార్పు ఎప్పుడు, ఏ పేరుతో చేశారో వరుసగా కనిపిస్తుంది. తప్పు మార్పుని రద్దు చేయొచ్చు. దానికి సాఫ్ట్‌వేర్ చదువు అక్కర్లేదు. మీ ఊరి పేజీ తెరిచి మీరే చూడొచ్చు.

ఏఐ వచ్చాక...

2021లో ‘గిట్‌హబ్ కోపైలట్’, 2022 నవంబరులో ‘చాట్‌జీపీటీ’ వచ్చాక కోడ్ రాసే యంత్రాలు మన మాటే వినడం మొదలెట్టాయి. ‘మిర్చి టిక్కీల లెక్కకి ఓ ప్రోగ్రాము రాసిపెట్టు’ అంటే చాలు. డిగ్రీ కుర్రాళ్లూ, చిన్న వ్యాపారులూ కూడా వాడేస్తున్నారు. మంచిదే. అయితే పాత జనరేటర్లకీ వీటికీ ఓ పెద్ద తేడా ఉంది. పాతవాటికి ఒకే వివరణ ఎన్నిసార్లిచ్చినా ఒకే కోడ్ వచ్చేది. వీటిని ఒకే మాట రెండుసార్లడిగితే రెండు రకాలుగా రాయొచ్చు. అంటే ‘విత్తనం దాచుకుంటే చాలు, పంట మళ్లీ వస్తుంది’ అన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. పండిన పంటనే భద్రంగా దాచుకోవాలి. ఏమని అడిగామో అదీ పక్కనే రాసుకోవాలి.

ఇంకో సంగతీ ఉంది. ఇవి కొత్త ఫైళ్లు రాసి ఊరుకోవు. ఉన్న ఫైళ్లని కూడా దిద్దుతాయి. ‘కాస్త శుభ్రం చెయ్’ అంటే, ఎవరో ఏడాది కింద కారణముండి పెట్టిన వింత వరుసని అనవసరమనుకుని ఊడ్చేయొచ్చు. ఆ వరుస పక్కన ‘టిక్కీ బరువులో దశాంశం పోతోందని రైతు ఫిర్యాదు చేస్తే చేర్చింది’ అని కారణం రాసి ఉంటే, యంత్రమైనా మనిషైనా చెయ్యి వేసేముందు ఆగే అవకాశముంటుంది.

గుర్తుంచుకోవాల్సినవి

* యంత్రంతో రాయించే ముందూ, రాయించాకా విడివిడిగా పద్దు వేయాలి. మధ్యలో మన మార్పులు కలపొద్దు.

* దిద్దుబాటు మూలంలోనే కుదిరితే అక్కడే చేయాలి. కుదరకపోతే వేరే ఫైల్లో. అదీ కుదరకపోతేనే యంత్రం ఫైల్లో.

* ఏం మార్చామో ఫైలే చెబుతుంది. ఎందుకు మార్చామో మనమే రాయాలి.

* ఏ పనిముట్టు, ఎన్నో వెర్షన్ వాడామో నమోదు చేసుకోవాలి. ఫైలు నెత్తిన తేదీ, సమయం రాయొద్దని పనిముట్టుకి చెప్పే వీలుంటే చెప్పాలి.

* ప్రతి దిద్దుబాటుకీ ఓ పరీక్ష పెట్టుకోవాలి. 43.6 కిలోల టిక్కీని ఎక్కిస్తే 43.6 అనే రావాలి. యంత్రం ఎన్నిసార్లు తిరగరాసినా ముందు ఈ పరీక్ష నెగ్గాకే బాండు అచ్చవ్వాలి. పద్దు పుస్తకం తప్పు ఎప్పుడు జరిగిందో చెబుతుంది. పరీక్ష అసలు జరగకుండానే ఆపుతుంది.

* * *

ఈసారి సంక్రాంతికి సాఫ్ట్‌వేర్ అబ్బాయో అమ్మాయో ఇంటికొస్తే ‘ఎన్ని వరుసలు రాశావు’ అని అడక్కండి. ఆ లెక్కలో యంత్రంతో ఎవరూ పోటీపడలేరు. ‘యంత్రం రాసినదాంట్లో నువ్వు దిద్దినదేంటి... ఎందుకు దిద్దావో ఎక్కడైనా రాసిపెట్టావా’ అని అడగండి. తడుముకోకుండా చూపించారంటే... ఎక్కడో ఓ రైతు టిక్కీ లెక్క సరిగ్గా ఉన్నట్టే!